బ్రోకలీలోని సల్ఫరాఫేన్ షుగరు దెబ్బనుంచి రక్తనాళాలను కాపాడుతుందా? మన ఆవపెట్టిన కూర ఆ లెక్కలోకి వస్తుందా?

మహేంద్రగిరి (పర్లాకిమిడి):

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల తెలుగు ఇళ్ల కోసం షుగరు ఉన్నవాళ్లకు తెలుగులో ఒక ఆహార పట్టీ రాస్తున్నాం. ఒడియాలో ఉన్న కాగితాన్ని తెలుగు చేసేస్తే సరిపోదు, వండే తీరు వేరు. అందులో ఒకచోట ఆగిపోయాం. "బ్రోకలీ తింటే షుగరు వల్ల పాడైన రక్తనాళాలు బాగవుతాయి" అని వాట్సాప్‌లో తిరుగుతున్న మాటని ఏం చేయాలి? పూర్తిగా కొట్టేయాలా, కొంత ఉంచాలా?

అడగదలచుకున్నవి ఇవీ. ఆ మాట వెనకున్న సల్ఫరాఫేన్ (బ్రోకలీ నుంచి వచ్చే పదార్థం) మీద మనుషుల్లో తేలింది ఎంత, గాజు గిన్నెలో తేలింది ఎంత? కంటి రెటీనా, కిడ్నీ, పాదాల నరాలు, వీటిలో దేనికైనా రుజువు ఉందా? మా సంతలో బ్రోకలీ చలికాలంలో కూడా అరుదు. దొరికేవి క్యాబేజీ, కాలీఫ్లవరు, ముల్లంగి, మునగాకు. వీటిలో ఏది దాని బదులు పనికొస్తుంది? మన ఆవపెట్టిన కూరలోనూ, ఒడియావాళ్ల బేసరలోనూ ఆవాలే కదా, రెండూ ఒకటేనా? చివరగా, మెట్‌ఫార్మిన్ (షుగరు మందు), టెల్మిసార్టన్ (బీపీ మందు) వాడేవాళ్లు ఈ పేరుతో అమ్మే క్యాప్సూల్స్ జోలికి వెళ్లొచ్చా?

అంకెలున్న జవాబు కావాలి. "మితంగా తినండి" అనే వాక్యం మా పట్టీలో ఇప్పటికే నాలుగు చోట్ల ఉంది.

ల్యాబ్‌గ్లాస్ (బరంపురం):

ఆ మాటకి మూలం 2008లో ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పని. పాల్ థోర్నలీ బృందం మనిషి సన్న రక్తనాళాల లోపొర కణాలను ఎక్కువ గ్లూకోజు ఉన్న ద్రవంలో పెంచి, వాటికి సల్ఫరాఫేన్ ఇచ్చి చూసింది. గ్లూకోజు వల్ల కణంలో పెరిగిన చురుకైన ఆక్సిజన్ అణువులు 73 శాతం తగ్గాయి. పత్రికలు దాన్ని "బ్రోకలీతో షుగరు దెబ్బ మాయం" అని రాశాయి. కణాలు మనిషివే, కానీ ఉన్నది గాజు గిన్నెలో. ఆ ముక్క వార్తలో నుంచి జారిపోయింది.

అసలు లోపొర కణాలకే ఈ బాధ ఎందుకంటే, కండరం లాంటి కణాలు ఇన్సులిన్ తలుపు తీస్తేనే గ్లూకోజుని బాగా లోపలికి తీసుకుంటాయి. రక్తనాళపు లోపొరకి ఆ తలుపు లేదు. రక్తంలో 300 ఉంటే కణం లోపలా ఆ మేరకు పెరుగుతుంది. రెటీనా, కిడ్నీ వడపోత గుత్తులు, నరాలకి రక్తమిచ్చే సన్న గొట్టాలు ముందు పాడవడానికి అదే కారణం. లోపల గ్లూకోజు ఎక్కువైతే మైటోకాండ్రియా (కణంలో శక్తి పుట్టే చోటు) నుంచి సూపరాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం పొంగుతుంది, అది గ్లూకోజుని అరిగించే దారిలో మధ్యనున్న ఒక ఎంజైముని అడ్డుకుంటుంది. కాలవలో షట్టరు దిగిపోతే పైన నీళ్లు గట్టు తెంచుకుని పొలాల మీద పడినట్టు, అరగని పదార్థం నాలుగు పక్కదారుల్లో పడుతుంది. ఒక దారిలో సార్బిటాల్ పేరుకుంటుంది, ఇంకోదాంట్లో మిథైల్‌గ్లయాక్సాల్ తయారై ప్రోటీన్లకి జిగురులా అంటుకుంటుంది, మిగతా రెండూ నాళం గోడని మందం చేసి, కారేలా చేస్తాయి. మైకేల్ బ్రౌన్లీ 2001 ప్రాంతంలో ఈ నాలుగింటినీ ఒకే తాటి మీదకి తెచ్చాడు.

సల్ఫరాఫేన్ ఎక్కడ తగులుతుందంటే, కణంలో ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్ ఉంది. కీప్1 అనే ఇంకో ప్రోటీన్ దాన్ని పట్టుకుని ఎప్పటికప్పుడు నాశనానికి పంపిస్తూ ఉంటుంది. సల్ఫరాఫేన్ కీప్1కి అతుక్కుని ఆ పట్టు వదిలిస్తుంది. ఎన్ఆర్ఎఫ్2 కేంద్రకంలోకి వెళ్లి గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థాన్ని తయారుచేసే ఎంజైములనీ, ట్రాన్స్‌కీటొలేజ్‌నీ పెంచుతుంది. ఈ ట్రాన్స్‌కీటొలేజ్ పొంగిన నీటికి తూము తీసినట్టు, పేరుకున్న పదార్థాన్ని హాని లేని దారిలోకి మళ్లిస్తుంది. అందుకని సల్ఫరాఫేన్‌ని "యాంటీ ఆక్సిడెంట్" అని రాయకండి. అది కణాన్ని కొంచెం గిల్లుతుంది, కణం తన రక్షణ తాను పెంచుకుంటుంది. రెండిటికీ తేడా ఉంది, ఎందుకో కింద వస్తుంది.

మనుషుల దగ్గరికొస్తే, స్వీడన్‌లో టైప్ 2 షుగరున్న 97 మంది మీద 12 వారాలు పరీక్ష జరిగింది, 2017లో ప్రచురించారు. రోజుకి 150 మైక్రోమోల్ సల్ఫరాఫేన్, అంటే సుమారు 27 మిల్లీగ్రాములు, బ్రోకలీ మొలకల సారం రూపంలో. బరువు ఎక్కువై, షుగరు అదుపులో లేనివాళ్లలో పరగడుపు గ్లూకోజూ హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చూపే రక్తపరీక్ష) తగ్గాయి. షుగరు ఇప్పటికే అదుపులో ఉన్నవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. దాదాపు అందరూ మెట్‌ఫార్మిన్ మీదే ఉన్నారు, ఇది దానికి అదనం. అక్కడ కొలిచింది గ్లూకోజు. రెటీనా పాడవడం ఆగిందనో, మూత్రంలో అల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే కారే ప్రోటీన్) తగ్గిందనో, పాదం పుండు పడలేదనో చూపిన పెద్ద మానవ పరీక్ష లేదు. అందువల్ల "నాళాలు బాగవుతాయి" అన్న మాట పట్టీలో ఉండకూడదు.

ఇప్పుడు గిల్లడం సంగతి. ఇదే ఎన్ఆర్ఎఫ్2ని సల్ఫరాఫేన్ కంటే ఎన్నో రెట్లు గట్టిగా లేపే మందు బార్డోక్సలోన్. టైప్ 2 షుగరుతో కిడ్నీలు నాలుగో దశకి చేరిన 2185 మంది మీద పరీక్ష పెట్టారు. కిడ్నీ వడపోత అంకె పెరిగింది, చూడ్డానికి బాగుంది. కానీ గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరేవాళ్లు ఎక్కువై 2012లో పరీక్ష ఆపేశారు. కూరలో వచ్చే మోతాదుతో అలా జరుగుతుందని నేను అనడం లేదు. "సహజం కాబట్టి ఎంతైనా ఫర్వాలేదు" అనేవాళ్లకి మాత్రం ఈ ఉదాహరణ చెప్పండి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి సాంద్ర సారాలు వద్దు అనడానికి ఈ ఒక్కటి చాలు.

నాళాలను కాపాడినట్టు నిజంగా తేలినవి పాతవే. బ్రిటన్‌లో టైప్ 2 షుగరున్నవాళ్ల మీద జరిగిన యూకేపీడీఎస్ అనే పెద్ద అధ్యయనం లెక్కల్లో హెచ్‌బీఏ1సీ 1 శాతం తక్కువ ఉంటే సన్న నాళాల దెబ్బలు 37 శాతం తక్కువ. అదే అధ్యయనంలో బీపీ సగటు 154/87 ఉన్నవాళ్ల కంటే 144/82కి తెచ్చినవాళ్లలో కూడా సన్న నాళాల దెబ్బ 37 శాతమే తగ్గింది. అంకె ఒకటే కావడం కాకతాళీయం, కలిపేయకండి. పట్టీలో కూరల పెట్టె కంటే ముందు బీపీ పెట్టె ఉండాలి.

ఆవపిండి (గుణుపురం):

వంటింటి వైపు నేను రాస్తాను. పట్టీలో తప్పులు పడేది ఇక్కడే.

బ్రోకలీలో సల్ఫరాఫేన్ ఉండదు. గ్లూకోరాఫనిన్ అనే ముడిపదార్థం ఉంటుంది, పక్క గదిలో మైరోసినేజ్ అనే ఎంజైము ఉంటుంది. కత్తి పడ్డాక, పన్ను పడ్డాక గోడలు పగిలి రెండూ కలిస్తేనే సల్ఫరాఫేన్ పుడుతుంది. ఎంజైముకి వేడి పడదు, ముడిపదార్థం వేడికి చాలావరకు తట్టుకుంటుంది కానీ నీళ్లలోకి దిగిపోతుంది. మన వంటలో తప్పులన్నీ ఈ రెండు ముక్కల్లోనే ఉన్నాయి. పప్పుతో పాటు కుక్కర్లో మూడు విజిల్స్ వేస్తే ఎంజైము చచ్చిపోతుంది. ఉడికించి నీళ్లు వార్చేస్తే ముడిపదార్థం కూడా తూములోకి పోతుంది. అప్పుడు పేగుల్లో బాక్టీరియా చేసే కాస్త మార్పు తప్ప ఇంకేం మిగలదు, అదీ మనిషి మనిషికీ వేరు.

సరైన తీరు ఇది. పురుగుల కోసం కాలీఫ్లవరు, బ్రోకలీ పువ్వుల్ని వేడి ఉప్పునీళ్లలో వేసే అలవాటు మానాలి. పెద్ద రెబ్బలుగా విడదీసి, చల్లటి ఉప్పునీళ్లలో పది నిమిషాలు ముంచి, దులిపి, కడిగి, ఆ తరవాతే సన్నగా తరగాలి. ముందు తరిగి తరవాత నానబెడితే పని తలకిందులే. తరిగాక 40 నిమిషాలు పళ్లెంలో వదిలేయండి. చైనాలో చేసిన ఒక పరీక్షలో తరిగి 90 నిమిషాలు ఉంచి వేయించిన బ్రోకలీలో, వెంటనే వేయించినదానికంటే 2.8 రెట్లు ఎక్కువ సల్ఫరాఫేన్ మిగిలింది. వంటింట్లో గంటన్నర ఎవరూ ఆగరు, కూర ముందు తరిగి తరవాత బియ్యం ఏరి కడిగి అన్నం పెట్టుకుంటే 40 నిమిషాలు దానంతట అవే గడుస్తాయి. వండేటప్పుడు ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద 3 నిమిషాలు, ఎక్కువంటే 5. రంగు ముదురు పచ్చగా, కాడ కొరికితే కరకరలాడుతూ ఉండాలి. పచ్చదనం వెలిసి సైనికుల చొక్కా రంగుకి వచ్చిందంటే దాటిపోయింది.

ఇక ఆవ. ఇంగ్లండులోనే రెడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ఒక చక్కని పరీక్ష ప్రచురించారు. 12 మందికి 200 గ్రాముల ఉడికిన బ్రోకలీ పెట్టారు, ఒకసారి ఉత్తది, ఇంకోసారి 1 గ్రాము ఆవపొడి కలిపినది. ఆవ కలిపిన రోజు మూత్రంలో బయటపడిన సల్ఫరాఫేన్ గుర్తులు నాలుగు రెట్లకు పైగా. ఉడికిన బ్రోకలీలో ఎంజైము చచ్చినా పచ్చి ఆవాల్లోని ఎంజైము వచ్చి ఆ పని చేసింది. వాళ్లు వాడింది ఇంచుమించు మన గోధుమరంగు ఆవాలే.

ఇది చదివాక ఆవపెట్టిన కూర గుర్తుకు రాకపోతే మనం గోదావరి, వంశధార నీళ్లు తాగనట్టే. అరటికాయైనా, పనసపొట్టైనా, కూర దింపి చల్లారాక ఆవముద్ద కలపాలని, వేడి మీద కలిపితే చేదెక్కుతుందని పెద్దవాళ్లు చెప్పే మాట రుచి కోసమే. ఎంజైము బతకడం అందులో కలిసొచ్చిన లాభం. బేసర అలా కాదు. ఆవ, వెల్లుల్లి, మిరపకాయ నూరిన ముద్దని నూనెలో వేసి, నీళ్లు పోసి తెర్లబెడతారు, ఎంజైము అక్కడే పోతుంది. రుచికి వంక పెట్టడం లేదు. బేసర చేసేవాళ్లు ముద్దలోంచి ఒక చెంచా పక్కన తీసి ఉంచుకుని దింపాక కలిపితే సరి. పోపులో చిటపటలాడిన ఆవాలది కూడా బేసర సంగతే, అక్కడ ఎంజైము లేదు.

కొలతలు: 200 గ్రాముల కూరకి 1 గ్రాము ఆవపొడి, అంటే చదునుగా కొలిస్తే సుమారు అర టీస్పూను. వేయించని ఆవాలు పొడిగా కొట్టి, ఒక టేబుల్ స్పూను చల్లటి నీళ్లతో ముద్ద చేసి పది నిమిషాలు ఉంచండి. వేడినీళ్లు పోయకూడదు. నిమ్మరసం, చింతపండు పులుసు, ఉప్పు ఆ ముద్దలో ముందే కలిపితే ఎంజైము మందగిస్తుంది, అవి కూరలోనే ఉండనివ్వండి. గిన్నె అంచుని గుడ్డ లేకుండా పట్టుకోగలిగేంత చల్లారాక ముద్ద కలిపి, మూతపెట్టి ఇంకో పది నిమిషాలు ఆగి వడ్డించండి. మళ్లీ పొయ్యి మీద పెట్టి వేడి చేశారో, చేసిందంతా వృథా. పొద్దున్న చేసింది రాత్రికి వేడి చేసుకునే ఇళ్లలో ఆవముద్ద విడిగా ఉంచుకోమని రాయండి.

క్యాబేజీ, కాలీఫ్లవరులో గ్లూకోరాఫనిన్ తక్కువ. ఆవాల్లో ముఖ్యంగా ఉండేది సినిగ్రిన్. దాన్నుంచి వచ్చేది ముక్కుకెక్కే ఘాటు, సల్ఫరాఫేన్ కాదు. ఆ ఘాటు పదార్థం కూడా కణాల్లో ఎన్ఆర్ఎఫ్2ని లేపుతుంది, కానీ షుగరు మీద పరీక్షలు ఎక్కువగా జరిగింది సల్ఫరాఫేన్ మీదే. కాబట్టి అరటికాయ ఆవపెట్టిన కూర తింటే సల్ఫరాఫేన్ వచ్చేస్తుందని రాస్తే అబద్ధం. ఆవ తాళంచెవి లాంటిది, పెట్టెలో సొమ్ము ఉండాలి కదా.

మహేంద్రగిరి (పర్లాకిమిడి):

బాగుంది. మూడు చిన్న ప్రశ్నలు. బరంపురం దుకాణాల్లో ఫ్రీజరు బ్రోకలీ ఏడాది పొడుగునా ఉంటుంది, అది కొనమనొచ్చా? ఇంట్లో మొలకలు కట్టించడం సాధ్యమేనా? ఇక్కడ చాలా ఇళ్లలో వంటంతా ఆవనూనెతోనే, దాంతో ఏమైనా కలిసొస్తుందా?

ఆవపిండి (గుణుపురం):

ఆవనూనెతో ఏమీ రాదు. ఘాటు ఉంటుంది, ఎంజైమూ ఉండదు, గ్లూకోరాఫనిన్ అంతకన్నా ఉండదు. నూనె కొలత నూనె కొలతే, పట్టీలో మార్చకండి.

ఫ్రీజరు బ్రోకలీని గడ్డకట్టించే ముందు వేడినీళ్లలో ముంచి తీస్తారు, రంగు చెడకుండా. ఆ ముంచడంలోనే ఎంజైము పోతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో ఈ సంగతి చూపించి, కాస్త ముల్లంగి కలిపితే సల్ఫరాఫేన్ మళ్లీ తయారవుతుందని కూడా చూపించారు. ఫ్రీజరుది కొన్నా మంచిదే, పచ్చి ముల్లంగి తురుము రెండు చెంచాలో, ఆవముద్దో పైన కలపాలి, అంతే. తాజా బ్రోకలీ కోసం బస్సెక్కి బరంపురం వెళ్లనక్కర్లేదు.

మొలకల్లో లాభం పెద్దది, ప్రమాదం కూడా పెద్దదే. జాన్స్ హాప్కిన్స్ వాళ్లు 1997లో చెప్పిన ప్రకారం మూడు రోజుల బ్రోకలీ మొలకల్లో గ్లూకోరాఫనిన్ ముదిరిన పువ్వులో కంటే 10 నుంచి 100 రెట్లు. చేసే తీరు మామూలే. వెడల్పు మూతి సీసాలో రెండు టేబుల్ స్పూన్ల విత్తనం, 6 నుంచి 8 గంటలు నానడం, నీళ్లు వంపేసి మూతికి పలచటి గుడ్డ కట్టి వాల్చి పెట్టడం, రోజుకి మూడుసార్లు కాచి చల్లార్చిన నీళ్లతో కడగడం. మూడో రోజుకి తినొచ్చు. అయితే మన దగ్గర మార్చి దాటాక గది వేడి 35 డిగ్రీలు పైన, గాలిలో తేమ, ఆ సీసాలో సాల్మొనెల్లా కూడా హాయిగా మొలుస్తుంది. షుగరున్నవాళ్లకి ఆ జ్వరం, విరేచనాలు మామూలువాళ్ల కంటే బరువు. వేరు దగ్గర తెల్లగా నూగు కనిపిస్తే కంగారు పడకండి, అవి వేరు కేశాలు, నీళ్లు పోస్తే అణిగిపోతాయి. బూజైతే అణగదు. జిగట, పుల్లటి వాసన, కుళ్లు గుడ్డు వాసన, ఏది వచ్చినా సీసా మొత్తం పారేయాలి, పైవి తీసి కిందవి తినడం కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మాత్రమే అని రాయండి.

విత్తనం గురించి ఒక హెచ్చరిక పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఎరువుల దుకాణంలో నాటడానికి అమ్మే క్యాబేజీ, బ్రోకలీ, ముల్లంగి విత్తనానికి గులాబీరంగో, నీలిరంగో పూత ఉంటుంది. అది బూజుని చంపే మందు. కడిగితే పోదు. తినడానికి అని రాసి ఉన్న విత్తనమే వాడాలి. అది దొరకకపోతే మొలకల మాట వదిలేయండి, పెద్ద నష్టం లేదు.

మందుచీటీ (రాయగడ):

మందుల వైపు నుంచి కొన్ని. క్యాప్సూల్ డబ్బా మీద "బ్రోకలీ సారం 500 మి.గ్రా." అని ఉంటే అది ఏ లెక్కా కాదు. గ్లూకోరాఫనిన్ ఎంత, మైరోసినేజ్ కలిపారా లేదా, రెండూ రాసి ఉండాలి. మైరోసినేజ్ లేని గ్లూకోరాఫనిన్ అంటే పేగుల దయ మీద వదిలేసినట్టు. సల్ఫరాఫేన్‌నే నేరుగా పెట్టాం అంటే అది మామూలు గది వేడిలో నిలవని పదార్థం, ఎలా నిలబెట్టారో రాయాలి. ఎండలో అట్టపెట్టెలో రాయగడ దాకా వచ్చిన డబ్బాలో ఏం మిగిలి ఉంటుందో ఆలోచించండి. నా మాట అడిగితే ఆ డబ్బుతో రక్తపోటు యంత్రం కొనుక్కోమంటాను.

మెట్‌ఫార్మిన్‌తో కూర స్థాయిలో ఇబ్బంది లేదు. గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ వాడేవాళ్లు సారాలు మొదలుపెడితే షుగరు పడిపోయే అవకాశాన్ని గమనించుకోవాలి: చెమట, వణుకు, ఆకలి, కొలిస్తే 70 కంటే తక్కువ. అప్పుడు 15 గ్రాముల పంచదార, అంటే మూడు టీస్పూన్లు నీళ్లలో, 15 నిమిషాల తరవాత మళ్లీ కొలత. వార్ఫరిన్, అసెనోకౌమరాల్ (రక్తం పల్చన చేసే మందులు) వాడేవాళ్లకి క్యాబేజీ, బ్రోకలీ, మునగాకులోని విటమిన్ కె ఆ మందు పని చెడగొడుతుంది. మానేయనక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో తినాలి. ఒక వారం అసలు లేకుండా, ఇంకో వారం రోజూ అంటే రక్తం పల్చన లెక్క తప్పుతుంది.

టెల్మిసార్టన్, రామిప్రిల్, స్పిరనోలాక్టోన్ వాడుతూ కిడ్నీ పని తగ్గినవాళ్లలో పొటాషియం పెరుగుతుంది. వాళ్లకి మునగాకు పొడి చెంచాలకి చెంచాలు, ఆకుకూర రసాలు వద్దు. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత అంకె) 45 కంటే కింద ఉంటే ముందు పొటాషియం కొలిపించుకోవాలి. ఇదొక విచిత్రం: ఏ కిడ్నీ కోసం భయపడి ఆకు రసం తాగుతారో, ఆ కిడ్నీయే దాన్ని బయటికి పంపలేకపోతుంది.

మీ పట్టీలో తప్పక ఉండాల్సింది ఇంకొకటి. ఈ కొండవైపు జిల్లాల్లో కొడవలి కణాల (సికిల్ సెల్) లోపం ఎక్కువ. ఆ లోపం ఉన్నవాళ్లలో ఎర్రకణం ఆయుష్షు తక్కువ, హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. 6.2 వచ్చిందని సంతోషిస్తుంటే వేలి కొలత రోజూ 220 ఉంటుంది. లోపం ఒక జన్యువులోనే ఉన్నవాళ్లలో కూడా కొన్ని యంత్రాలు తప్పు చూపిస్తాయి. హెచ్‌బీఏ1సీకీ వేలి కొలతకీ పొత్తు కుదరకపోతే సికిల్ పరీక్ష చేయించాలి, షుగరు అదుపుని పరగడుపు, భోజనం తరవాత కొలతలతోనో, ఫ్రక్టోజమీన్ (రెండు మూడు వారాల షుగరు సగటు చూపే రక్తపరీక్ష)తోనో చూడాలి. సల్ఫరాఫేన్ తింటే హెచ్‌బీఏ1సీ తగ్గిందని ఎవరైనా చెబితే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

మందులకి డబ్బు లేదని ఆకుల మీద పడేవాళ్లుంటారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఒడిశా ప్రభుత్వపు నిరామయ పథకం కింద మందులు ఉచితంగా ఇస్తారని పట్టీ అడుగున ఒక వాక్యం రాయండి. గుడాఖు (పళ్లకి రుద్దుకునే పొగాకు ముద్ద), చుట్ట, అడ్డపొగ (నిప్పు నోట్లో పెట్టి తాగడం) మానమని కూడా. నాళానికి పొగాకు చేసే చేటుని ఏ ఆవముద్దా పూడ్చలేదు, గుడాఖులో పొగాకుకి తోడు బెల్లం మడ్డి కూడా ఉంటుంది.

ల్యాబ్‌గ్లాస్ (బరంపురం):

మునగాకు ప్రశ్న మిగిలిపోయింది. మునగ క్యాబేజీకి దూరపు చుట్టం, రెండూ ఒకే క్రమంలోవి (బ్రాసికేల్స్). మునగాకులో గ్లూకోమోరింజిన్ అనే ముడిపదార్థం ఉంది, దాని నుంచి మోరింజిన్ పుడుతుంది. సల్ఫరాఫేన్ జాతిదే, కణాల్లో ఎన్ఆర్ఎఫ్2ని లేపుతుంది, చక్కెర ముక్క ఒకటి అతుక్కుని ఉండడం వల్ల కాస్త నిలకడ కూడా ఎక్కువ. మనుషుల్లో పరీక్షలు చిన్నవి, నాళాల మీద తేలింది లేదు. అయినా మా వైపు పెరట్లో ఊరికే దొరికే ఆకు, సజనా శాగ అని ఒడియా ఇళ్లలోనూ తింటారు. దూసి, కడిగి, చేత్తో నలిపి పావుగంట ఉంచి, మూకుడులో రెండు మూడు నిమిషాలు మగ్గనివ్వండి. పప్పుతో కుక్కర్లో వేయకండి, పప్పు ఉడికాక వేసుకోవచ్చు.

ఇంకో పక్కమాట. పైన చెప్పిన ట్రాన్స్‌కీటొలేజ్ తూముకి తాళంచెవి థయమిన్, అంటే విటమిన్ బి1. అది లేకపోతే ఎంజైముని ఎంత పెంచినా పని చేయదు. థోర్నలీ వాళ్లే షుగరు రోగుల రక్తంలో థయమిన్ తక్కువగా ఉంటుందని చూపించారు, కిడ్నీ దాన్ని మూత్రంలో వదిలేస్తుంది. దీనికి మన ఉప్పుడు బియ్యం పనికొస్తుంది. వడ్లని ఉడకబెట్టేటప్పుడు తవుడులోని బి1 గింజ లోపలికి దిగుతుంది, పాలిష్ పట్టినా పచ్చి బియ్యం కంటే ఎక్కువ మిగులుతుంది. నాలుగుసార్లు కడిగి గంజి వార్చేస్తే అదీ పోతుంది. రెండుసార్లు కడిగి, నీళ్లు సరిపడా పోసి ఇగరబెట్టడం మేలు. అలా అని అన్నం పెంచమని కాదు. పళ్లెంలో సగం కూర, పావు అన్నం, పావు పప్పో చేపో, ఆ లెక్క మారదు. పఖాళ (ఒడియావాళ్ల చద్దన్నం) తినే ఇళ్లలో గిన్నె కొలత చూసుకోవాలి, నీళ్లలో తేలే మెతుకులు తక్కువగా కనిపిస్తాయి.

థైరాయిడ్ మందు వేసుకునేవాళ్లు పచ్చి క్యాబేజీ రసాలు తాగకూడదు, వండిన కూర తినొచ్చు, అయోడిన్ ఉప్పు వాడాలి. అంతకంటే ఆ విషయంలో భయపడాల్సింది లేదు.

మహేంద్రగిరి (పర్లాకిమిడి):

పట్టీలో వాక్యం ఇలా రాశాను, చూడండి:

"వారానికి 3 లేక 4 సార్లు, 200 గ్రాముల క్యాబేజీ, కాలీఫ్లవరు, బ్రోకలీ లేదా ముల్లంగి. తరిగి 40 నిమిషాలు ఉంచి, ఆవిరి మీద 3 నుంచి 5 నిమిషాలు. దింపి, చల్లారాక అర టీస్పూను పచ్చి ఆవపొడి ముద్ద. తిరిగి వేడి చేయవద్దు. ఇది మందుకి బదులు కాదు. కంటి పరీక్ష, మూత్రంలో అల్బుమిన్, పాదాల పరీక్ష ఏడాదికి ఒకసారి తప్పనిసరి. ఇది రక్తనాళాలను కాపాడుతుంది."

మందుచీటీ (రాయగడ):

చివరి వాక్యంలో "ఇది" దేన్ని చెబుతోంది? చదివేవాళ్లు కూరనే అనుకుంటారు. ఆ వాక్యం తీసేసి, అక్కడ బీపీ 130/80 కింద ఉంచుకోండి అని రాయండి. మూత్రం అల్బుమిన్‌కి అంకె కూడా వేయండి: గ్రాము క్రియాటినిన్‌కి 30 మి.గ్రా. లోపు ఉంటే మామూలు, దాటితే మూడు నెలల్లోపు మళ్లీ రెండుసార్లు చేయించాలి. జ్వరం, మూత్రంలో మంట ఉన్నప్పుడు ఆ పరీక్ష చేయించకండి, ఊరికే పెరిగి కనిపిస్తుంది.

ఆవపిండి (గుణుపురం):

"పచ్చి ఆవపొడి" అంటే ఆకుపచ్చ రంగనుకునేవాళ్లు ఉన్నారు. "వేయించని ఆవాల పొడి" అని రాయండి. ఎప్పటికప్పుడు కొట్టుకోమనండి, నెలల తరబడి తేమ తగిలిన పొడిలో ఘాటు పోతుంది. నీళ్లు కలిపి పది నిమిషాలయ్యాక ముక్కుకి ఘాటు తగలకపోతే ఆ పొడిలో ఎంజైము లేనట్టే, కొత్తది కొట్టుకోవాలి.